ప్రెస్ షాపులో సేఫ్టీ ట్రైనింగ్: మొదటి క్లాసు ఓనరుకే

ప్రశ్న: జీడిమెట్లలో మాకు చిన్న షీట్‌మెటల్ యూనిట్ ఉంది. 46 మంది పనివాళ్లు, రెండు షిఫ్టులు, తొమ్మిది పవర్ ప్రెస్‌లు, ముగ్గురు సూపర్‌వైజర్లు. మా దగ్గర పార్టులు కొనే కంపెనీ వాళ్లు ఆడిట్‌కి వచ్చి, సూపర్‌వైజర్లకు సేఫ్టీ ట్రైనింగ్ ఇచ్చిన రికార్డు చూపించమన్నారు. ఒక కన్సల్టెంట్ ఒక్క రోజు క్లాసు చెప్పి అందరికీ సర్టిఫికెట్లు ఇస్తానంటున్నాడు. దీనివల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా, కాగితం కోసమేనా? ఇప్పటిదాకా మా దగ్గర పెద్ద ప్రమాదాలేమీ జరగలేదు. మూడో నంబర్ ప్రెస్ మాత్రం అప్పుడప్పుడు డబుల్ స్ట్రోక్ కొడుతుంది, ఫిట్టర్ సర్దుతుంటాడు. పనివాళ్ల అజాగ్రత్తే అసలు సమస్య.

సమాధానం:

ట్రైనింగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మూడో నంబర్ ప్రెస్ ఆపించండి. మెయిన్ స్విచ్‌కి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వచ్చి మిగతాది చదవండి.

ఎందుకో చెప్తాను. డబుల్ స్ట్రోక్ అంటున్నారు కాబట్టి మీవి కీ క్లచ్ ఉన్న పాత రకం మెకానికల్ ప్రెస్‌లే అయివుంటాయి. పెడల్ తొక్కగానే కీ, అంటే క్లచ్‌లోని ఇనుప ముక్క, తిరిగి ఫ్లైవీల్ అనే బరువైన చక్రాన్ని క్రాంక్ షాఫ్ట్‌కి పట్టిస్తుంది. ఒకసారి పట్టిందంటే రామ్, అంటే పైనుంచి దిగి రేకుని కొట్టే భాగం, కిందికి దిగి మళ్లీ పైకి వెళ్లేదాకా, అంటే ఒక చుట్టు పూర్తయ్యేదాకా, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. చుట్టు అయ్యాక కీని విడదీసి రామ్‌ని పైన నిలబెట్టేవి ఒక చిన్న స్ప్రింగు, ఒక లాచ్, ఒక బ్రేకు. కీ అంచు అరిగినా, స్ప్రింగు నీరసించినా, బ్రేకు వదులైనా రామ్ పైన నిలవదు. పెడల్ మీద కాలు లేకపోయినా ఇంకోసారి దిగుతుంది. సరిగ్గా ఆ సమయానికి ఆపరేటర్ చెయ్యి డై మీద, అంటే రామ్ కింద ఉండే అచ్చు మీద ఉంటుంది. ఎందుకంటే మనం అతనికి నేర్పిందే అది: రామ్ పైకి వెళ్లాక చెయ్యి పెట్టి పీసు తియ్యి అని. మీ షాపులో అందరికన్నా జాగ్రత్తగా పనిచేసే మనిషిని కూర్చోబెట్టినా ఆ ప్రెస్ అతని వేళ్లు తీసుకుంటుంది. ఇందులో అజాగ్రత్త ఎవరిది?

మీ ప్రశ్నలో ఆ చివరి వాక్యం నన్ను ఆపేసింది. మిమ్మల్ని తప్పుపట్టడం కాదు, అదే మాట నేనూ రాశాను కాబట్టి.

1994లో హైదరాబాద్‌లోనే ఒక ప్రెస్ షాపులో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. నాకు 27 ఏళ్లు. రాత్రి పన్నెండు దాటాక డై మార్చాం. మార్చాలంటే చెయ్యి లోపలికి వెళ్లకుండా అడ్డుండే గార్డు విప్పాలి, దానికి నాలుగు బోల్టులు. డై బిగించిన సెట్టర్ స్పానర్ జేబులో వేసుకుని ఇంకో లైనుకి వెళ్లిపోయాడు. తెల్లారేసరికి లోడు వెళ్లాలి. మెషీన్ ముందు మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడు నిలబడి ఉన్నాడు. "గార్డు లేదు సార్" అని అతనే అన్నాడు. "నువ్వు మొదలుపెట్టు, టీ టైములో బిగిస్తాంలే" అన్నాను. టీ టైము రాకముందే కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. పొద్దున రిపోర్టులో 'కారణం' అనే గడిలో నా చేత్తో నేనే రాశాను: కార్మికుడి అజాగ్రత్త. ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కింద ఆ కుర్రాడు ఎడమ చేత్తో సంతకం పెట్టాడు.

అంతకు నెల ముందే నాకు ఒక రోజు సేఫ్టీ ట్రైనింగ్ అయింది. సర్టిఫికెట్ కూడా ఉంది. మంటలార్పే సిలిండర్ పిన్ను ఎలా లాగాలో, హెల్మెట్ ఎందుకు పెట్టుకోవాలో చెప్పారు, మధ్యాహ్నం బిర్యానీ పెట్టారు. గార్డు లేని ప్రెస్‌ని మొదలుపెట్టించకుండా ఉండే అధికారం నాకు ఉందని మాత్రం ఎవరూ చెప్పలేదు. లోడు ఆలస్యమైతే నన్ను వెనకేసుకొస్తానని మా ఓనరూ చెప్పలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు చెన్నైలోని ప్రాంతీయ కార్మిక సంస్థలో ఏడాది డిప్లొమా చేసి సేఫ్టీ వైపు వచ్చేశాను. ఇప్పుడు రిటైరయ్యాను. నేను తీసుకున్న ప్రతి సూపర్‌వైజర్ క్లాసులోనూ ఆ రాత్రి సంగతి చెప్పాను, పేర్లు లేకుండా.

అందుకే మీ ప్రశ్నకి నా జవాబు: ఒక్క రోజు క్లాసు పనికొస్తుంది, కానీ మొదటి పూట మీరు కూర్చుంటేనే. సూపర్‌వైజర్ చేతిలో లేని నిర్ణయాలు కొన్ని ఉంటాయి. అవి తేలకుండా అతనికి ఎంత నేర్పినా, రాత్రి రెండు గంటలకు అతను మళ్లీ నాలాగే చేస్తాడు.

మొదటిది గార్డు ఎలాంటిదన్నది. నాలుగు బోల్టుల గార్డు డై మార్చిన రోజునే ఊడుతుంది, మళ్లీ ఎక్కదు. తలుపులా తెరుచుకుని, అది మూస్తే తప్ప పెడల్ పనిచేయకుండా, స్ట్రోక్ అయ్యేదాకా తెరుచుకోకుండా కడ్డీతో కలిపిన గార్డు చేయించండి. లేదంటే పీసు జారుడు బల్ల మీదుగా డై కిందికి వెళ్లేలా ఫీడింగ్ మార్చి, ముందు భాగం వేలు దూరనంతగా మూసేయండి. మెష్ పెట్టినా, సందు వదిలినా 6 మిల్లీమీటర్లు దాటనివ్వకండి. దీనికి డబ్బు కావాలి, డబ్బు సంతకం మీది.

ఇక్కడే సెన్సర్ల గురించి చెప్పాలి. ఈ మధ్య ఆడిటర్లు అడుగుతున్నారని చాలామంది కీ క్లచ్ ప్రెస్‌లకి లైట్ కర్టెన్ బిగిస్తున్నారు. చెయ్యి అడ్డం వస్తే అది మెషీన్‌కి 'ఆగు' అని చెప్తుంది, అంతే. కీ క్లచ్ ప్రెస్ మధ్యలో ఆగలేదని పైనే చెప్పాను కదా. ఆగలేనిదానికి ఆగమని చెప్పి ఏం లాభం? ఎర్ర లైటు వెలుగుతుంది, రామ్ దిగుతుంది. ఇంకా ప్రమాదం ఏమిటంటే, సెన్సర్ ఉందన్న ధైర్యంతో ఆపరేటర్ చెయ్యి ఇంకాస్త ఆలస్యంగా తీస్తాడు. లైట్ కర్టెన్ పనిచేసేది గాలితో నడిచే ఫ్రిక్షన్ క్లచ్ ప్రెస్‌ల మీద, హైడ్రాలిక్ ప్రెస్‌ల మీద. అవి మధ్యలో ఆగగలవు. అక్కడ కూడా రామ్ ఆగడానికి పట్టే సమయం కొలిచి, ఆలోపు చెయ్యి డైని చేరలేనంత దూరంలో పెడితేనే.

రెండు చేతులతో ఒకేసారి నొక్కితేనే ప్రెస్ నడిచే బటన్ల సంగతీ అంతే. లెక్క చిన్నదే, మీ సూపర్‌వైజర్ల చేత చేయించండి. మనిషి చెయ్యి సెకనుకి 1.6 మీటర్లు కదులుతుందని లెక్కిస్తారు. నిమిషానికి 60 స్ట్రోకుల ప్రెస్‌కి ఒక చుట్టు ఒక సెకను, రామ్ కిందికి దిగడానికి అర సెకను. క్లచ్ పట్టే చోటు ఒక్కటే ఉంటే, బటన్ నొక్కాక అది పట్టడానికి ఒక పూర్తి చుట్టు కూడా పట్టొచ్చు. మొత్తం సెకనున్నర. అంటే బటన్లు డైకి 2.4 మీటర్ల దూరంలో ఉండాలి! అంత దూరంలో నిలబడి పీసు పెట్టేదెవరు? రెండు బటన్లు పెట్టేశాం, ఇంక భయం లేదు అనేవాళ్లు ఈ లెక్క చెయ్యరు.

రెండో నిర్ణయం ఇన్సెంటివ్. పీసుల లెక్కన బోనస్ ఇస్తూ, గార్డు పెడితే గంటకి వంద పీసులు తగ్గుతాయంటే, గార్డు తీసేయమని మీరే జీతం ఇస్తున్నట్టు. నోటితో చెప్పక్కర్లేదు. గార్డు ఉన్నప్పుడు ఎన్ని పీసులు వస్తాయో కొలిచి, టార్గెట్ దాని మీద పెట్టండి. ఇది ఏ కన్సల్టెంటూ మీకు చెప్పడు, ఎందుకంటే అతనికి ఫీజు ఇచ్చేది మీరే.

మూడోది ఫోన్. రాత్రి రెండింటికి సూపర్‌వైజర్ ఫోన్ చేసి "సార్, ప్రెస్ ఆపాను" అంటే మీ నోట్లోంచి మొదట వచ్చే మాట ఏమిటి? "ఎన్ని పీసులు తగ్గుతాయి?" అంటే ఆ ముగ్గురిలో ఇంకెవ్వరూ ఇంకెప్పుడూ ఆపరు. నేను క్లాసుల్లో దీన్ని నాటకంలా ఆడించేవాణ్ని. ఓనరుని ఒక మూల కూర్చోబెట్టి, సూపర్‌వైజర్ చేత నిజంగానే ఫోన్ చేయించేవాణ్ని. మొదటిసారి అందరూ నవ్వుతారు. ఓనర్లలో చాలామందికి "మంచిపని చేశావు, ఎవరికైనా దెబ్బ తగిలిందా?" అనే మాట నోరు తిరగడానికి మూడు నాలుగుసార్లు పట్టేది. ఒకాయన అయితే ఐదోసారి కూడా "సరే, కానీ లోడు..." అన్నాడు.

ఇక సూపర్‌వైజర్లకి. వాళ్ల క్లాసు ఏసీ గదిలో ప్రొజెక్టర్ ముందు వద్దు, ప్రెస్ దగ్గరే పెట్టించండి. మోటార్ ఆపిన తర్వాత కూడా ఫ్లైవీల్ ఎంతసేపు తిరుగుతుందో వాచీ పట్టుకుని కొలవమనండి. స్విచ్ ఆపేశాం కదా అని డైలో చెయ్యి పెట్టి స్క్రాప్ తీసేవాళ్లకి ఆ నిమిషాలే ఎసరు పెడతాయి. డై సెట్ చేసేటప్పుడు, మధ్యలో ఇరుక్కున్న పీసు తీసేటప్పుడు రామ్ దిగకుండా దాని కింద సేఫ్టీ బ్లాక్ అనే దిమ్మ పెట్టడం, మెయిన్‌కి తాళం వేసి తాళంచెవి పనిచేసేవాడి దగ్గరే ఉంచడం, డై మార్చాక మొదటి స్ట్రోక్ మోటార్ ఆపి చేత్తో తిప్పి చూడటం, ఇవన్నీ వాళ్లు మీ కళ్లముందు చేసి చూపించాలి. షిఫ్ట్ మొదట్లో పీసు లేకుండా కొన్ని స్ట్రోకులు కొట్టి, ప్రతిసారీ రామ్ పైన నిలుస్తుందో లేదో చూసి సంతకం పెట్టాలి. పెడల్ మీద ఇనుప కప్పు ఉందా అన్నది కూడా ఆ సంతకంలో భాగమే. పైనుంచి ఏదైనా జారిపడి పెడల్ నొక్కుకున్న సంఘటనలు నేనే చూశాను.

తర్వాత, నేర్పడం నేర్పాలి. మంచి ఆపరేటర్‌ని సూపర్‌వైజర్ చేస్తాం, కానీ పని తెలియడం వేరు, నేర్పడం వేరు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో, 1940 నుంచి 1945 దాకా, ఫ్యాక్టరీల్లోకి ఒక్కసారిగా వచ్చిపడ్డ కొత్తవాళ్లకి పని నేర్పడానికి ఒక పద్ధతి తయారుచేశారు. నాలుగు మెట్లు: మనిషిని సిద్ధం చెయ్యి, చేసి చూపిస్తూ చెప్పు, అతని చేత చేయించు, తర్వాత వెళ్లి చూస్తూ ఉండు. పాతదే, కానీ దీన్ని మించింది నాకు కనపడలేదు. ముఖ్యం మూడో మెట్టు. మీ దగ్గర ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఉండే ఉంటారు. "సమఝ్ గయా?" అంటే అందరూ తల ఊపుతారు, ఊపకపోతే ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు కదా. అలా అడగొద్దనండి. "ఇప్పుడు నేను కొత్తవాణ్ని, నువ్వు నాకు నేర్పు" అనమనండి. గార్డు ఎందుకుందో, పట్టకారుతోనే పీసు ఎందుకు తీయాలో అతని భాషలో అతనే చెప్పాలి. చెప్పలేకపోతే ఆ రోజు అతను ప్యాకింగ్‌లో ఉంటాడు. కాంట్రాక్టర్ పొద్దున పంపి సాయంత్రం తీసుకుపోయే మనుషులకీ ఇదే నియమం, ప్రెస్ కాంట్రాక్టర్‌ని చూసి ఊరుకోదు.

ప్రమాదం జరిగాక మొదటి పది నిమిషాలు కూడా సాధన చేయించాలి. రామ్ కింద చెయ్యి ఇరుక్కుంటే ఎలా ఎత్తాలో మీ ఫిట్టర్‌తో ముందే ఖాళీ మెషీన్ మీద చూపించండి. కంగారులో మోటార్ ఆన్ చేసిన చోట రెండో చెయ్యి కూడా పోయింది. తెగిన వేలిని కడగకుండా, నేరుగా ఐసులో వెయ్యకుండా, శుభ్రమైన తడి గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవర్‌ని ఐసు మీద పెట్టి మనిషితోపాటే పంపాలి. వేళ్లు అతికించే ఆసుపత్రి దగ్గర్లో ఏదో ముందే కనుక్కుని నంబరు గోడ మీద రాయండి. గుడ్డ, కవర్ ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ఉండాలి.

ఇక రిపోర్టు. మీ యూనిట్‌లో 'అజాగ్రత్త' అన్న మాట రాయడం నిషేధించండి. ఆ మాట రాయకూడదంటే సూపర్‌వైజర్ వేరే ఏదో రాయాలి, ఏది రాయాలన్నా వెళ్లి చూడాలి. గార్డు ఎప్పుడు తీశారు, ఎవరు తీయమన్నారు, పెడల్ ఎందుకు మెత్తగా ఉంది, అంతకు ముందు వారం ఎవరైనా చెప్పారా. చెయ్యి చివరి క్షణంలో లాగేసుకుని బయటపడ్డవాళ్ల కథలూ అందులో రాయాలి. 'పెద్ద ప్రమాదాలేమీ జరగలేదు' అన్నారు. మీ మూడో నంబర్ ప్రెస్ కొట్టిన ప్రతి డబుల్ స్ట్రోకూ ఒక ప్రమాదమే, చెయ్యి ఒక్కటే అక్కడ లేదు.

అచ్యుతాపురం (2024 ఆగస్టు 21), పాశమైలారం (2025 జూన్ 30) ఫ్యాక్టరీ పేలుళ్ల లాంటివి జరిగినప్పుడు టీవీలన్నీ ఫ్యాక్టరీ సేఫ్టీ గురించే మాట్లాడతాయి. ప్రెస్ షాపుల్లో ఒక్కొక్కటిగా పోయే వేళ్లు వార్త కావు. హర్యానాలోని మానేసర్ వైపు ఆటో విడిభాగాల కార్మికులతో పనిచేసే సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ ఏళ్లుగా ఈ లెక్కలు రాస్తోంది. చేతులు నలిగే ప్రమాదాల్లో పవర్ ప్రెస్‌దే పెద్ద వాటా అని వాళ్ల నివేదికలన్నీ చెప్పేది. మన బాలానగర్, జీడిమెట్లల్లో అలా కూర్చుని రాసేవాళ్లు ఇంకా కావాలి.

వేలికి చట్టం ఒక ధర కట్టింది, తెలుసా? 1923 నాటి పరిహార చట్టం షెడ్యూల్‌లో సంపాదన శక్తి నష్టం శాతాల్లో ఉండేది: బొటనవేలు మొత్తం పోతే 30, చూపుడు వేలు మొత్తం పోతే 14, చిటికెన వేలికి 7, ఒక చేతి రెండు వేళ్లకి 20. నా షిఫ్టులో వేళ్లు పోయిన ఆ కుర్రాడికి కాగితం మీద నష్టం 20 శాతం. ప్రెస్ షాపుల్లో మాత్రం అతన్ని మళ్లీ ఎవరూ పెట్టుకోలేదు. క్లాసులో ఈ పట్టిక గోడకి అంటించి సూపర్‌వైజర్ల చేత గట్టిగా చదివించండి.

చట్టం గురించి ఎక్కువ చెప్పను, మీరు అడిగింది ఉపయోగం గురించి. 1948 ఫ్యాక్టరీల చట్టంలో సెక్షన్ 7ఏ యజమాని మీద పెట్టిన బాధ్యతల్లో సమాచారం, సూచనలు, శిక్షణ, పర్యవేక్షణ ఒకే వరసలో ఉండేవి. ఒకటి ఇచ్చి మూడు మానేస్తే కుదరదు. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. బాధ్యతలు నిర్లక్ష్యం చేసి మరణం సంభవిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. తీవ్రమైన గాయమైతే ఏడాది దాకా జైలు, లేదా 2 నుంచి 4 లక్షల జరిమానా, లేదా రెండూ. ప్రాణాలకు ముప్పుందని అనిపిస్తే యజమానికి, ఇన్‌స్పెక్టర్‌కి చెప్పే హక్కు కార్మికుడికి ఉంది, చెప్తే వెంటనే సరిచేయాల్సింది మీరు. 46 మంది ఉన్న మీ యూనిట్‌కి సేఫ్టీ ఆఫీసర్ని పెట్టుకోవాలని చట్టం అడగదు. అంటే ఆ పని మీ నెత్తినే ఉందని. కన్సల్టెంట్ ఇచ్చే సర్టిఫికెట్ మీద మీ పేరుండదు, కేసులో మాత్రం ఉంటుంది.

కన్సల్టెంట్‌ని ఎలా ఎంచుకోవాలంటే, మీ షాపు గేటు దాటగానే అతను మొదట ఏం అడుగుతాడో చూడండి. "ఎంతమంది, సర్టిఫికెట్లు ఎన్ని?" అంటే టీ ఇచ్చి పంపించండి. "ఏ క్లచ్? డై ఎవరు మారుస్తారు? రాత్రి షిఫ్ట్ ఎవరు చూస్తారు?" అంటే కూర్చోబెట్టండి. మెషీన్లు చూడకుండానే అన్నిటికీ సెన్సర్లు పెట్టేద్దాం అనేవాడు సెన్సర్లు అమ్మేవాడు. జాతీయ భద్రతా మండలి వాళ్ల కోర్సులు, చెన్నై సంస్థ కోర్సులు మీ సీనియర్ సూపర్‌వైజర్ ఒకరికి ఉపయోగపడతాయి, అతన్ని పంపండి. మార్చి 4న భద్రతా దినోత్సవం బ్యానర్ కట్టి ప్రతిజ్ఞ చేయించడం మాత్రం ట్రైనింగ్ కింద లెక్కెయ్యకండి. ఆడిట్‌కి రికార్డు కావాలంటే, ప్రెస్ దగ్గర ఎవరు ఏం చేసి చూపించారో తేదీతో రాసి, చేసినవాడితో, చూసినవాడితో సంతకం పెట్టించిన ఒక నోటుపుస్తకం చాలు. తెలిసిన ఆడిటర్ అయితే సర్టిఫికెట్ల ఫైలు కన్నా దాన్నే ముందు తెరుస్తాడు.

మూడో నంబర్ ప్రెస్ దగ్గరికి మళ్లీ వస్తాను. ఫిట్టర్ "సర్దాను సార్" అంటే ఏం మార్చావని అడగండి. కీ, స్ప్రింగు కొత్తవి వేయించండి, బ్రేకు లైనింగ్ చూపించమనండి. విప్పిన పాత కీ స్క్రాప్‌లోకి పోకముందే మీ టేబుల్ మీదికి తెప్పించుకోండి. మీ మొదటి క్లాసుకి అదే సరంజామా. ముగ్గురు సూపర్‌వైజర్ల చేతికీ ఇచ్చి, అరిగిన అంచు మీద గోరు పెట్టి చూడమనండి. తర్వాత మిగతా ఎనిమిది ప్రెస్‌ల కీలు ఎప్పుడు విప్పి చూశారని అడిగి, వాళ్లు ఏం చెప్తారో వినండి.